కుడిచేతి కర్ర

కుప్పం హాస్టల్ నుంచి మునిశేఖర్ తెచ్చిన భార్య పెట్టె శనివారానికి కూడా నడవలోనే ఉంది. గురువారం సాయంత్రం ఎక్కడ దించాడో అక్కడే. దాని మీద పరుపుచుట్ట, పక్కన బకెట్టు, బకెట్టులో గీత చెప్పులు. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా అందరూ దాన్ని చుట్టుకుని పోతున్నారు గానీ ఎవరూ జరపడం లేదు.

"తియ్ వదినా దాన్ని. ఇంక ఈడే గదా నువ్వుండేది," అన్నది రమ్యశ్రీ.

మునిశేఖర్ చెల్లెలు ఆమె. మదనపల్లె టమోటా యార్డులో ఒక మండీలో లెక్కలు రాస్తుంది. సీజన్‌లో సెలవు ఇవ్వరు. ఎలాగో అడిగి పొద్దున మొదటి బస్సుకే పుంగనూరు వచ్చేసింది. వచ్చినప్పటి నుంచీ నిలబడే మాట్లాడుతోంది.

గీత బియ్యం కడుగుతోంది.

"రెండేండ్లుగా చదువుతాండావు. ఎముకలంట, కీళ్ళంట, కండలంట. ఆస్పత్రిలో నడిచిన మనిషి, ఇంటికొచ్చి కూడా వాకర్ పట్టుకోని నడిచిన మనిషి, ఇప్పుడు మంచం దిగనంటాది. నీ చేతిలో పెడితే ఇట్లయింది మా అమ్మ."

"నేనేం చేసినాను రమ్యా?"

"ఏం చెయ్యలేదు. అదే నేననేది."

లోపలి గది నుంచి గంగులమ్మ గొంతు వినిపించింది. "పొయ్యి మీద పాలుండాయి. సూసుకోండి."

ఇద్దరూ ఒకేసారి పొయ్యి వైపు తిరిగారు. పాలు అప్పుడే అంచు దాకా వచ్చాయి. గీత స్టవ్ ఆర్పింది. రమ్యశ్రీ మాట మింగుకుని గదిలోకి పోయింది.

"అమా, నాతో మదనపల్లెకు రా. నేను చూసుకుంటా."

"నేను యాడికీ రాను."

"అయితే లేచి నాలుగడుగులు వెయ్యి. కండ్లారా చూసి పోతా."

రమ్యశ్రీ తల్లి భుజాల కింద చేతులు వేసి లేపబోయింది. గంగులమ్మ కళ్ళు మూసుకుని ఒళ్ళంతా బిగబట్టింది. కూతురు గబుక్కున చేతులు వెనక్కి తీసుకుంది. బయటికొచ్చి పెట్టె మీదే కూలబడింది.

"లోపల ఏందో అయ్యుండాది వదినా. ఆ గుండు పక్కకు జరిగిందేమో."

కిందటి నెల గంగులమ్మ తొట్టి దగ్గర జారిపడినప్పుడు ఎడమ తుంటి కీలు దగ్గర తొడ ఎముక విరిగింది. మదనపల్లెలో ఆపరేషన్ చేసి, విరిగిన ఎముక తల తీసేసి లోహపు గుండు పెట్టారు. గురువారం పొద్దున చెకప్‌లో డాక్టరు బాగుందన్నాడు, వాకర్ వదిలి కర్ర పట్టుకోవచ్చన్నాడు. ఆ సాయంత్రం నుంచే ఆమె కాలు కింద పెట్టలేదు.

రమ్యశ్రీకి వచ్చిన అనుమానం గీతకు శుక్రవారమే వచ్చింది. అత్త కాళ్ళు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. పొడవులో తేడా లేదు. పాదం పక్కకు వాలలేదు. జ్వరం లేదు. డాక్టరుకు ఫోన్ చేస్తే, అవేవీ లేకపోతే భయం లేదు, లేపి నడిపించమన్నాడు. మరి ఎందుకు లేవదో అర్థం కాలేదు.

అన్నాలయ్యాక రమ్యశ్రీ మందుల షాపుకు పోయింది. గీత నూనెగిన్నె పక్కన పెట్టి, మంచం అంచున కూర్చుంది.

"అత్తా, నొప్పిగా ఉండాదా?"

"లేదు."

"మరి యాల దిగవు?"

గంగులమ్మ గోడ వైపు చూసింది.

"పండుకోనుంటే తొడ కండ కరిగిపోతాది అత్తా. డాక్టరు ఎంత గట్టి గుండు పెట్టినా దాన్ని తిప్పేది కండే. కండ పోయినాక మళ్ళా తెచ్చుకోవడం చానా కష్టం."

"కరగనీ."

"అట్లంటే ఎట్ల?"

"ఆ పెట్టె ఈడికి యాల వచ్చింది?" అని అడిగింది గంగులమ్మ.

గీత నడవ వైపు చూసింది.

"నువ్వు ఈడుండంగా నేను లేచి నడిచినాననుకో. నా కొడుకేమంటాడు? 'గీత ఇంట్లో ఉండబట్టే అమ్మ లేచింది' అంటాడు. నా కూతురూ అదే అంటాది. వాళ్ళు సెడ్డోళ్ళు కాదు, నాకు మంచే సేస్తాండామనుకుంటారు. ఇంక నువ్వు యాడికీ పోలేవు. రేపు నాకు దగ్గొస్తే నువ్వే, జొరమొస్తే నువ్వే. అట్లనే ముసిలిదానివైపోతావు."

"అందుకని?"

"పెట్టె పోయిన దినం లేస్తా."

అంత మాట చెప్పి ఆమె దుప్పటి అంచు సర్దుకుంది, రేపు సంగటి చేయమన్నంత మామూలుగా.

గీత ఆ దుప్పటి అంచునే చూస్తూ కూర్చుంది.

గంగులమ్మ మొగుడు గంగులయ్య మదనపల్లె యార్డులో టమోటా బాక్సులెత్తే హమాలీ. మునిశేఖర్ చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు గంగులయ్య లారీ మీద నుంచి వెల్లకిలా పడ్డాడు. నడుము కింద కాళ్ళు ఆడలేదు. ఇంక లేవడన్నారు చుట్టాలు. మిషన్ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే విక్టోరియమ్మ మాత్రం ఆ మాట అనలేదు. రోజూ అతని మడమ తన అరచేతిలో పెట్టుకుని, "తొక్కు గంగులయ్యా, నా చెయ్యి తొక్కు" అనేది. వాన కురిసినా వచ్చేది, ఆదివారం ప్రార్థన నుంచి నేరుగా వచ్చేది. మొదట వేలు కదిలింది. తర్వాత మడమ. ఏడాది తిరిగేసరికి గంగులయ్య చంకకర్రలతో ఒక రైస్‌మిల్లు గేటు దగ్గర కాపలా పనికి పోయాడు. చనిపోయేదాకా ఆ పనే చేశాడు; ఆ జీతంతోనే పిల్లలు చదువుకున్నారు.

అనపకాయల కాలం వచ్చినప్పుడల్లా గంగులమ్మ విక్టోరియమ్మ ఇంటికి ఒక సంచి పంపేది. విక్టోరియమ్మ చనిపోయిన ఏడాది కూడా పంపింది, ఆ యమ్మ చెల్లెలికి.

"ఆ యమ్మ చేతి చలవే మనం తింటాండే బువ్వ," అంటుంది ఇప్పటికీ.

ఇంటర్ మంచి మార్కులతో పాసైన కోడలు పొయ్యి దగ్గరే ఆగిపోతుంటే, మనవరాలు ఇందుకు నాలుగేళ్ళు నిండిన ఏడు, గంగులమ్మే మాట ఎత్తింది. "ఆ యమ్మ సేసే పనికి ఏం సదువుకోవల్లో కనుక్కో మే." అప్పటి నుంచి మనవరాలి జడ, బడి, కొడుకు క్యారియర్ అన్నీ ఆమే. గీత సోమవారం కుప్పం పోయి శుక్రవారం వచ్చేది.

"నేను నీకు కన్నబిడ్డనా అత్తా, ఇంత పట్టు పట్టేదానికి?"

"కాదు. కన్నబిడ్డకు సెప్పుంటే వినుండదు."

గీతకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. అత్త పాదం ఒళ్ళోకి తీసుకుంది. ఆ పాదాన్ని ఎన్నిసార్లో పట్టుకుని చూసింది, చీలమండ ఎంత వంగుతుంది, మోకాలు ఎంత సాగుతుంది అని. ఇప్పుడు ఏమీ చూడలేదు. ఊరికే పట్టుకుని కూర్చుంది.

"నువ్వు లేవకుండా నేను పోలేను అత్తా. మంచంలో వదిలిపెట్టిపోతే ఆడ నాకు ఒక్క ముక్క ఎక్కదు."

"నువ్వు పోకుండా నేను లేవను."

వీధిలో మిద్దెల మీద ట్యాంకులు నిండి నీళ్ళు కారుతున్న చప్పుడు.

"రమ్య లేపితే?" అన్నది గీత చివరికి.

"దానికి చేతనవుతాదా?"

"నేర్పిస్తా. నేను చెయ్యి పెట్టను. నీ కూతురే లేపుతాది, నీ కూతురే నడిపిస్తాది. అప్పుడు గీత ఉండబట్టే అని ఎవరంటారు?"

గంగులమ్మ ఆలోచించింది. "నువ్వు చెయ్యి పెట్టినావో, ఆడనే కూచుండిపోతా," అన్నది.

*

సాయంత్రం మిద్దె మీద ఆరిన బట్టలు తీస్తుండగా ప్రమీల మేడం ఫోన్ చేసింది. ఎముకలూ కీళ్ళూ కండరాలూ బరువును ఎలా పంచుకుంటాయో చెప్పే బయోమెకానిక్స్ పాఠం ఆమెదే.

"గీతా, మీ ఆయన కాలేజీ ఆఫీసులో చెప్పిన మాట నిజమేనా?"

"ఏం చెప్పినాడు మేడం?"

"నువ్వే మానుకుంటానన్నావని. అత్తగారి కోసం నీ అంతట నువ్వే నిర్ణయించుకున్నావని. నీకు తెలీదా?"

గీత చేతిలో ఇందు బడిగౌను ఉంది. దాన్ని మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

"ఇప్పటికే నీ హాజరు తక్కువగా ఉంది. సోమవారం ప్రిన్సిపాల్ గారు చూస్తారు. రాగలిగితే రా. రాలేకపోతే నాకు చెప్పు, తిట్టను."

మునిశేఖర్ పాలకేంద్రం నుంచి చీకటి పడుతుండగా వచ్చాడు. కాళ్ళు కడుక్కుని మెట్ల దగ్గర నిలబడ్డ భార్య ముఖం చూశాడు. అడగకుండానే అర్థమైంది.

"మేడం ఫోన్ చేసింది."

"ఊఁ."

"నేనన్నానంట మానుకుంటానని. ఎప్పుడన్నాను?"

అతను టవలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడిచిన ముఖాన్నే మళ్ళీ తుడిచాడు.

"ఆ పొద్దు తలుపు తోసుకోని వచ్చింది నేను గీతా. అమ్మ తొట్టి కాడ పడి ఉండాది. అరిచి అరిచి గొంతు పోయుండాది. ఎంతసేపు పడి ఉందో తెల్దు. నాకు కండ్లు మూస్తే అదే. నువ్వు కుప్పంలో, నేను డ్యూటీలో. ఇంక ఎట్ల వదిలిపెట్టి పోయేది ఆమెను?"

"నన్నడిగుండొచ్చు గదా."

"అడిగుంటే మానేస్తానని అనుంటావు." అతని గొంతు తగ్గింది. "ఆ మాట నీ నోట్నుంచి వినలేక అడగలేదు."

గీతకు కోపం వచ్చింది. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. అతను చెప్పింది నిజం. అడిగి ఉంటే మానేస్తాననే అనేది. అదే ఆమెకు ఎక్కువ భయమనిపించింది.

"అత్త నీకేమైనా చెప్పిందా?" అని అడిగింది.

"నాతో మాట్లాడదు. గురువారం నుంచి."

*

ఆదివారం పొద్దున గీత రమ్యశ్రీని నడవలోకి పిలిచింది.

"నువ్వే లేపల్ల అమ్మను."

"నేనా? నిన్న చూడలేదా? నాకు చేతకాదు. ఏమన్నా అయితే?"

"భయమా?"

రమ్యశ్రీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "భయమే వదినా. నిన్న ఆమె ఒళ్ళు బిగబడితే నా గుండె ఆగిపోయినట్లయింది. నిన్ను అరిచిందీ భయంతోనే."

"ఈడ నిలబడు. ఎడమ తుంటి పక్కన, ఎముక బొడిపె తగుల్తాది చూడు, దానికి పైన చెయ్యి పెట్టు. ఇప్పుడు కుడికాలు ఎత్తు."

రమ్యశ్రీ ఒంటికాలి మీద నిలబడింది. వెంటనే వేళ్ళకింద కండ రాయిలా బిగిసింది.

"గట్టిపడింది."

"పెద్ద బరువంతా కీలుకు లోపలివైపు ఉండాది. ఒళ్ళు ఆ పక్కకు ఒరిగిపోకుండా బయటివైపు ఈ చిన్న కండ ఒక్కటే లాగి పట్టుకోవల్ల. త్రాసులో ముల్లుకు దగ్గరగా చెయ్యి పెట్టి అవతలి తట్టను లేపినట్ల. అందుకే కీలు మీద మన బరువుకు రెండు మూడింతలు పడుతాది. అడుగడుక్కీ."

"అమ్మకు కోసింది ఈ పక్కనే గదా."

"ఆడనే. ఇప్పుడు కాలు దించకుండా కుడిచేత్తో ఈ పెట్టె మీద కొంచిం ఆనుకో."

రమ్యశ్రీ పెట్టె మీద పరుపుచుట్టకు అరచెయ్యి ఆనించింది. ఆమె ముఖం మారింది.

"మెత్తబడింది వదినా."

"ఇప్పుడు చేతులు మార్చి, ఎడమచేత్తో గోడకు ఆనుకో."

"ఆ... మళ్ళా గట్టిపడింది. ముందంత కాదు గానీ, గట్టిగానే ఉండాది." కాలు దించి గీత వైపు చూసింది. "అయితే కర్ర నొప్పి ఉన్న పక్క పట్టుకోకూడదా? అందరూ ఆ పక్కే పట్టుకుంటారే?"

"అందరూ ఆ పక్కే పట్టుకుంటారు. నొప్పి ఎడమకాలిదైతే కర్ర కుడిచేతిలో ఉండల్ల. కీలుకు ఎంత దూరంగా ఆనితే అంత తక్కువ బలం చాలు. ఆ చిన్న కండకు మనం సాయం పోయినట్ల."

రమ్యశ్రీ మళ్ళీ ఒంటికాలి మీద నిలబడి, ఆనుకుని, వదిలి, ఆనుకుని చూసుకుంది. ఈసారి ఎవరూ చెప్పకుండానే.

"నీకు ఇది చెప్పినప్పుడు ఎట్లనిపించింది?" అని అడిగింది.

"ఆ పొద్దంతా ఒంటికాలి మీద నిలబడే ఉండినాను. హాస్టల్లో నవ్వినారు. మామకు విక్టోరియమ్మ చేసిందేమిటో ఆ పొద్దు కొంచిం తెలిసినట్లనిపించింది. ఆమెను చూడలేదు నేను. చూసుంటే బాగుండు."

ఇద్దరూ గదిలోకి పోయారు. గీత గుమ్మం దగ్గరే ఆగి చేతులు వెనక్కి కట్టుకుంది. మునిశేఖర్ చేతిలో పేపరుతో వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

"నడుముకు పట్టీ కట్టినావు గదా, దాన్ని పట్టుకో. చంకలు పట్టొద్దు," అన్నది గీత. "ముందు మంచం అంచుకు జరగనీ. ఎడమకాలు కొంచిం ముందుకు. బలం కుడికాలి మీద. నువ్వు లాగొద్దు రమ్యా. ఆమే లేస్తాది. నువ్వు తోడుండు, అంతే."

గంగులమ్మ కూతురి ముఖంలోకి చూసింది. కర్ర కుడిచేతిలోకి తీసుకుంది. ఊపిరి పీల్చుకుని లేచింది.

లేచి నిలబడింది. కర్రను గట్టిగా నేలకు ఆనించింది. రమ్యశ్రీ పెదవి కరుచుకుని పట్టీ వదల్లేదు. గీత చెయ్యి తనకు తెలియకుండానే ముందుకు వచ్చింది. గంగులమ్మ అది చూసి "ఊఁ" అన్నది. గీత చెయ్యి వెనక్కి తీసుకుంది.

కర్ర, ఎడమకాలు. తర్వాత కుడికాలు. మళ్ళీ కర్ర, ఎడమకాలు. మంచం నుంచి కిటికీ దాకా పోయి, కిటికీ ఊచ పట్టుకుని ఆగింది. ఆయాసం తీర్చుకుని కొడుకు వైపు తిరిగింది. మూడు రోజుల తర్వాత అతనితో మొదటి మాట.

"శేఖరా, నన్ను లేపింది నా కూతురు. గీత చెయ్యి పెట్టలేదు. సూసినావు గదా."

మునిశేఖర్ పేపరు మడిచాడు.

రమ్యశ్రీ తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, కొంగుతో ఆమె నుదురు తుడిచి, తన నుదురు తుడుచుకుంది. "పది దినాలు నేనుంటా," అన్నది ఎవరి వైపూ చూడకుండా. "మండీలో ఇంకొకర్ని పెట్టుకుంటే పెట్టుకోనీ. తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం. వదినా, ఆ పెట్టె జరిపించు. అమ్మ నడిచే దోవలో ఉండాది."

గీత పోయి ఆమె చేతులు రెండూ పట్టుకుంది. రమ్యశ్రీ, "పో, పోయి సంగటి కెలుకు," అన్నది.

*

సోమవారం పొద్దున పెట్టె ఆటోలోకి ఎత్తింది మునిశేఖరే. బస్టాండులో దింపి పోతాడనుకుంది గీత. అతను కూడా బస్సెక్కి పక్కన కూర్చున్నాడు.

పలమనేరు దాటారు. మాట లేదు. వి.కోటలో బస్సు ఆగితే దిగి రెండు టీలు తెచ్చాడు. ఒకటి ఆమె చేతికిచ్చి, "వేడిగా ఉండాది," అన్నాడు. అంతే. టీ తాగేదాకా ఖాళీ గ్లాసు కోసం అతను కిటికీ కింద నిలబడే ఉన్నాడు.

కుప్పంలో కాలేజీ వరండాలో ప్రిన్సిపాల్ గది ముందు ఆగాడు. చొక్కా సర్దుకున్నాడు.

"నువ్వు బయటుండు. ఆ మాట చెప్పింది నేను."

"ఏం చెప్తావు?"

అతను లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది. ప్రమీల మేడం గొంతూ, ప్రిన్సిపాల్ గొంతూ వినిపిస్తున్నాయి గానీ మాటలు తెలియడం లేదు. మునిశేఖర్ గొంతు అసలే వినిపించడం లేదు.

గీత బెంచీ మీద కూర్చుంది. వరండా చివర తన క్లాసు. ఇంకా మొదలు కాలేదు. అందులో తన చోటు ఉందో లేదో తెలియదు. అయినా ఎందుకో మనసు తేలిగ్గా ఉంది. పొద్దున బయల్దేరేటప్పుడు అత్త కుర్చీలో నుంచి తనంతట తానే లేచి, కిటికీ దగ్గర నిలబడి ఇందుకు జడ వేసింది. ఒక చెయ్యి ఊచ మీద, ఒక చెయ్యి జడలో. జడ వంకరగా వచ్చింది. ఇందు అలాగే బడికి పోయింది.

ఫోన్ మోగింది. రమ్యశ్రీ.

"వదినా, ఈమె మాట వినదు. వాకిట్లోకి దిగుతానంటాది. మూడు మెట్లుండాయి. ఏ కాలు ముందు?"

"దిగేటప్పుడు కర్ర, నొప్పికాలు ముందు. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు. నువ్వు ఒక మెట్టు కింద, ఆమెకు ఎడమవైపు ఉండు. పట్టీ వదలొద్దు."

"నేను ఒక్కదాన్నే ఉండాను."

"చాలు. నిన్న కూడా నువ్వొక్కదానివే గదా."

అవతల రమ్యశ్రీ ఊపిరి వినిపించింది. వెనక నుంచి గంగులమ్మ ఏదో అంటోంది.

"అమ్మ అడుగుతాండాది వదినా. క్లాసులో కూచున్నావా అని."

గీత మూసిన తలుపు వైపు చూసింది. అబద్ధం చెప్పలేకపోయింది. నిజం చెప్పలేకపోయింది.

"కూచోబోతాండానని చెప్పు."

అంతలో తలుపు తెరుచుకుంది. వచ్చింది మునిశేఖర్ కాదు, ప్రమీల మేడం. ఆమె ముఖంలో ఏమీ తెలియలేదు.

"గీతా, లోపలికి రా. మీ ఆయన అసలు సంగతి చెప్పడం లేదు. పోయినసారి నిన్ను అడక్కుండా చెప్పాడట, ఈసారి చెప్పేది నీ ముందే చెప్తానంటున్నాడు."

గీత లేచింది. ఫోన్ చెవి దగ్గర నుంచి తీయడం మరిచిపోయే గడప దాటింది.